లాఫ్ట్ తిప్పితే ఫేస్ కూడా తిరుగుతుంది

సంపాదకులకు నమస్కారం.

మీ క్రీడల పేజీలో వచ్చిన 'సర్దుకుపోయే డ్రైవర్' వ్యాసాన్ని మా ఇంట్లో ముందుగా చూసింది మా ఆవిడ. "ఎవరికో మంచి డ్రైవరు దొరికాడట, ఏమన్నా సర్దుకుపోతాడట, చదవండి" అంటూ పేపరు తెచ్చి నా ఒళ్లో పడేసింది. నాలుగు లైన్లు చదివితే గానీ అది గోల్ఫ్‌లో దూరం కొట్టే కర్ర గురించి అని నాకూ అర్థం కాలేదు. అడ్జస్టబుల్ అన్న మాటను సర్దుకుపోవడం అని తెలుగు చేసింది ఎవరో గానీ వారి మీద నాకేం కోపం లేదు. అలాంటి డ్రైవరు నా దగ్గరా ఒకటుంది. ఈ మూడేళ్లలో అది ఒక్కసారీ సర్దుకుపోలేదు, సర్దుకుపోయింది నేనే.

శీర్షిక సంగతి అలా ఉంచండి. నేను కలం పట్టింది వ్యాసం మధ్యలో ఉన్న ఒక మాట వల్ల. లాఫ్ట్ (ఫేస్, అంటే బంతికి తగిలే కర్ర ముఖం, వెనక్కి వాలిన కోణం) తగ్గిస్తే దూరం, పెంచితే ఎత్తు, రెంచ్‌తో అర నిమిషంలో కావలసిన షాట్ సిద్ధం అని రాశారు. అది అబద్ధం కాదు గానీ సగమే. మిగతా సగం తెలియక నేను ఏడాది పాటు బంతులన్నీ కుడివైపు చెట్లకు సమర్పించుకున్నాను. ఒక పోటీలోంచి పేరు కూడా కొట్టేయించుకున్నాను. మీ వ్యాసం చదివి ఇంకెవరైనా రెంచ్ చేతిలోకి తీసుకునే లోపు ఆ రెండో సగం చెబుదామని.

నేను 34 ఏళ్లు ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పంపులు, గేర్‌బాక్సులు, కన్వేయర్లు. విప్పడం, బిగించడం తప్ప నాకు వేరే విద్య రాదు. యాభై ఎనిమిదో ఏట గోల్ఫ్ మొదలుపెట్టాను. ఇప్పటికీ నా హ్యాండిక్యాప్ 22 (ఈ అంకె ఎంత తక్కువైతే ఆట అంత మంచిది), కాబట్టి నన్ను ఆటగాడని ఎవరూ పొరబడనక్కర్లేదు. కొత్త డ్రైవరు పెట్టె తెరవగానే కర్ర కన్నా ముందు నా కంట పడింది దాంతో వచ్చిన చిన్న రెంచ్. బిగువు సరిపోగానే టక్కుమని జారిపోయే రకం. 40 అంగుళం-పౌండ్లు, అంటే మా లెక్కలో నాలుగున్నర న్యూటన్ మీటర్లు. వేలెడు లేని స్క్రూకి ఇంత లెక్కగా బిగువు నిర్ణయించిన వాళ్ల మీద నాకు గౌరవం కలిగింది. నా పతనం అక్కడే మొదలైంది.

ఈ సదుపాయం ఎప్పటి నుంచో ఉన్నదేమీ కాదు. 2004లో టేలర్‌మేడ్ వాళ్ల ఆర్7 క్వాడ్ డ్రైవరు వచ్చినప్పుడు కర్ర తలలో (బంతికి తగిలే భాగంలో) ఉన్న నాలుగు బరువులను అటూ ఇటూ మార్చుకునే వీలు మాత్రమే ఉండేది. బరువు కాకుండా మిగతావి, అంటే షాఫ్ట్ (కర్ర కాడ) కోణం లాంటివి, మార్చుకునే డ్రైవర్లకు గోల్ఫ్ నియమాలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు అనుమతి ఇచ్చింది 2008 జనవరి 1 నుంచి. ఆ మరుసటి ఏడాదే షాఫ్ట్ చివర తిప్పుకునే స్లీవ్ (షాఫ్ట్‌ను తలలో బిగించే చిన్న గొట్టం) ఉన్నవి వచ్చేశాయి. అనుమతి కూడా షరతులతోనే ఇచ్చారు. మార్పు ఇట్టే చేతితో చేసేలా ఉండకూడదు, బిగించినది ఆట మధ్యలో ఊడేలా ఉండకూడదు, ఏ స్థానంలో పెట్టినా కర్ర నియమాల లోపలే ఉండాలి. వేళ్లతో తిప్పే మరకు బదులు ప్రత్యేకంగా ఒక రెంచ్ ఇచ్చేది అందుకే.

ఇక నా కథ. నాది పుట్టు స్లైస్. బంతి కాస్త నేరుగానే బయలుదేరుతుంది, సగం దూరం పోయాక ఏదో గుర్తొచ్చినట్టు కుడికి తిరుగుతుంది. నా డ్రైవరు లాఫ్ట్ 10.5 డిగ్రీలు. నాతో ఆడే కుర్రాళ్లందరివీ 9 డిగ్రీలు, వాళ్ల బంతులు నావి దాటి 50 గజాలు పోతాయి. తేడా అంతా ఆ డిగ్రీన్నరలోనే ఉందని నా ఇంజనీరింగ్ బుర్ర తేల్చేసింది. మొదటి వారంలోనే స్క్రూ విప్పి, స్లీవ్ తిప్పి, 9కి దించాను. టక్. ఆ టక్కు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

బంతి కిందుగా పోయింది, అది అనుకున్నదే. కానీ మునుపటికన్నా ఎక్కువగా కుడికి పోయింది. వంద బంతులు కొట్టినా అంతే.

ఎందుకో తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మీ వ్యాసంలో లేని సగం ఇదే. డిగ్రీలు తల మీద పోతపోసి ఉంటాయి. రెంచ్ తిప్పితే ఆ తలలో ఒక్క వెంట్రుక కూడా మారదు. మారేది షాఫ్ట్ తలలోకి దిగే వంపు. స్లీవ్ లోపలి రంధ్రాన్ని నిటారుగా కాకుండా ఓ డిగ్రీ, డిగ్రీన్నర ఏటవాలుగా పెడతారు. స్లీవ్ తిప్పినప్పుడల్లా ఆ వాలు వేరే దిక్కుకు పోతుంది. గొడ్డలికి కామ కాస్త వంకరగా దిగ్గొట్టారనుకోండి, గొడ్డలి అదే, కానీ చేతిలోకి తీసుకోగానే అంచు వేరే వైపు చూస్తుంది. డ్రైవరుదీ ఇదే వరస. కుడిచేతి వాటం వాళ్లు లాఫ్ట్ తగ్గించే వైపు స్లీవ్ తిప్పి, తలను నేల మీద దానంతట దాన్ని కూర్చోనిస్తే, ఫేస్ కుడికి తెరుచుకుని కూర్చుంటుంది. లాఫ్ట్ పెంచే వైపు తిప్పితే ఎడమకు మూసుకుని కూర్చుంటుంది. ఎడమచేతి వాటం వాళ్లకు అద్దంలో చూసినట్టు తిరగేసి చదువుకోవాలి.

మరి డిగ్రీ మారడం మాటేమిటి అంటారా? చేతులతో ఫేస్‌ను మళ్లీ గురికి నేరుగా తెచ్చి పట్టుకుని, అలాగే బంతికి తగిలించగలిగితే అప్పుడు లాఫ్ట్ నిజంగానే మారుతుంది. తేలేకపోతే మారేది దిక్కు. బంతి ఏ వైపు బయలుదేరుతుందో ఎక్కువ భాగం నిర్ణయించేది తగిలిన క్షణంలో ఫేస్ చూసే వైపే. అంటే, అప్పటికే ఫేస్ తెరుచుకుని స్లైస్ కొడుతున్న నేను, డిగ్రీన్నర దూరం సంపాదిద్దామని ఆ ఫేస్‌నే ఇంకాస్త తెరిచి బిగించుకున్నాను. అదీ సరైన టార్క్‌తో!

దీనికి తోడు లాఫ్ట్ తక్కువైన కొద్దీ బంతి పక్కకు వంగడం ఎక్కువవుతుంది. లాఫ్ట్ ఎక్కువున్న పొట్టి కర్ర, ఏడో నంబరు ఐరన్‌తో ఏదో నెట్టుకొచ్చే మనిషే డ్రైవరు పట్టగానే చెట్లలోకి కొట్టడానికి ఇదొక కారణం. లాఫ్ట్ ఎక్కువుంటే బంతి వెనక్కి తిరిగే తిరుగుడు ఎక్కువ, దాని ముందు పక్కకు లాగే తిరుగుడు ఆనదు. నాలాంటి వాడు వెళ్లాల్సింది పైకి. నేను కిందికి వెళ్లాను.

అప్పటికైనా ఆగానా అంటే, లేదు. హీల్ (తలలో షాఫ్ట్ దిగే వైపు కొస) వైపు బరువు పెడితే స్లైస్ తగ్గుతుందని ఎవరో అంటే వెనక బరువును హీల్ వైపుకి మార్చాను. లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం) కాస్త నిటారుగా ఉంటే మంచిదని ఇంకెవరో అంటే స్లీవ్‌ను ఆ స్థానానికి తిప్పాను. ఒక ఆదివారం రెండూ కలిపి చేశాను. నా దగ్గర అప్రెంటిస్‌గా చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు నేను చెప్పిన మాట ఒక్కటే: "ఒకసారికి ఒక్క స్క్రూ. తిప్పు, నడిపి చూడు, రాసుకో. తర్వాతే రెండోది." యంత్రం దగ్గర ఈ మాట ఏనాడూ తప్పని వాణ్ణి, ఆట దగ్గర గాలికొదిలేశాను. నా డ్రైవరు స్లీవ్‌కు 12 స్థానాలు, బరువుకు 3. మొత్తం 36 రకాలు. ఎన్నో రకంలో ఎన్ని బంతులు కొట్టానో ఒక్క కాగితం ముక్క మీద కూడా రాసుకోలేదు. ఈ మాట వింటే ఆ అప్రెంటిస్‌లు నవ్వుతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. కొన్ని రకాల డ్రైవర్లలో స్లీవ్ తిప్పితే షాఫ్ట్ కూడా దాంతో పాటే తిరుగుతుంది, దాని చివరనున్న గ్రిప్ కూడా. గ్రిప్ అడుగున వేళ్లకు ఆనవాలుగా ఒక గట్టు ఉంటుంది చూడండి, అది పక్కకు పోతుంది. నేను ఆ గట్టును బట్టి చేతులు పెట్టేవాణ్ణి. ఇక చేతులు ఒక చోట, ఫేస్ ఒక చోట. షాఫ్ట్ తిరగకుండా రెండు రింగులతో పనిచేసే రకాలూ ఉన్నాయి గానీ నాది అది కాదు.

ఇక పోటీ సంగతి. ఓ నెల మెడల్ పోటీ, అంటే మొత్తం దెబ్బలు లెక్కపెట్టేది. మొదటి ఆరు హోల్స్‌లో రెండు బంతులు హద్దు దాటి బయటపడ్డాయి. ఏడో హోల్ మొదలయ్యే టీ మీద ముందు జట్టు ఇంకా కదల్లేదు, నా చేతులు ఊరుకోలేదు. బ్యాగులోంచి రెంచ్ తీశాను. "ఇప్పుడెందుకు సార్?" అన్నాడు బ్యాగు మోసే కేడీ కుర్రాడు. "అర నిమిషం" అన్నాను. స్లీవ్‌ను లాఫ్ట్ పెంచే వైపు చివరిదాకా తిప్పి బిగించి కొట్టాను. మూడేళ్లలో అంత అందమైన బంతి నేను కొట్టలేదు. లేచింది, నిలిచింది, ఫెయిర్‌వే నడిబొడ్డున పడింది.

నా స్కోరు రాస్తున్న డాక్టరుగారు బంతి వైపు కాకుండా నా చేతిలోని రెంచ్ వైపు చూస్తున్నారు. గ్రీన్ దగ్గరికి వెళ్లేదాకా ఏమీ అనలేదు. అక్కడ నెమ్మదిగా, రోగికి రిపోర్టు చెప్పే గొంతుతో, "మీరు ఇందాక సెట్టింగ్ మార్చే కొట్టారా అండీ?" అన్నారు. "అవునండీ, చూశారా ఎలా పోయిందో!" అన్నాను నేను గర్వంగా. ఆయన ఫోన్‌లో నియమాలు తెరిచి 4.1ఎ చూపించారు. రౌండ్ నడుస్తుండగా కర్ర పనితీరును కావాలని మార్చి, ఆ కర్రతో ఒక్క దెబ్బ కొట్టినా పోటీలోంచి తొలగింపే. ఒకటి రెండు దెబ్బల పెనాల్టీ అని కూడా లేదు. గాలి మారిందని, స్క్రూ వదులుగా అనిపించిందని ఏదో వాదించబోయాను గానీ నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. మిగతా హోల్స్ కార్డు లేకుండా ఆడాను. ఆ రోజు ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదు, అది వేరే విషయం.

డాక్టరుగారు తర్వాత చెప్పిన ఇంకో మాట మీ పాఠకులకు తప్పకుండా పనికొస్తుంది. 2019లో నియమాలు మార్చినప్పటి నుంచి ఒక వెసులుబాటు ఉంది. పొరపాటున సెట్టింగ్ తిప్పినా, దాంతో దెబ్బ కొట్టకముందే మళ్లీ మొదటి స్థానానికి తెచ్చేస్తే ఏ పెనాల్టీ లేదు. తిప్పడం తప్పు కాదు, తిప్పి కొట్టడం తప్పు. నాకు అది తెలిసి ఉంటే, లేదా కేడీ కుర్రాడి "ఇప్పుడెందుకు సార్" అన్న మాటలోని మర్యాద అర్థమై ఉంటే, ఆ అర నిమిషం తర్వాత ఇంకో అర నిమిషం ఖర్చయ్యేది, అంతే. మొదట్లో ఈ నియమం చాదస్తం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, బ్యాగులో 14 కర్రలకు మించి ఉండకూడదన్న నియమం ఉంది కదా, గాలికో రకం హోల్‌కో రకం తిప్పుకుంటూ పోతే నా ఒక్క డ్రైవరే 36 కర్రలు. ఇక 14 అన్న అంకెకు అర్థం ఏముంది?

ఆ తర్వాతి వారం రెంచ్ మా ఆవిడకు అప్పగించి, చిన్నప్పుడు క్యారమ్ బోర్డుకి వాడిన పద్ధతి పట్టుకున్నాను: పౌడరు. సాధన చేసే రేంజ్ మీద ఫేస్‌కు పలుచగా టాల్కం పౌడరు రాసి ఇరవై బంతులు కొట్టాను. (రేంజ్ మీద మాత్రమే. రౌండ్‌లో పనితీరు మారేలా ఫేస్‌కు ఏదైనా పూయడమూ అదే 4.1ఎ కిందకి వస్తుంది, ఒక్కసారి కాలిన చెయ్యి నాది.) మచ్చలన్నీ హీల్ వైపు, షాఫ్ట్ దగ్గర, రూపాయి బిళ్లంత చోట కుప్పగా పడ్డాయి. హీల్‌కు తగిలిన బంతికి తల మెలిక తిరిగి కుడికి వంగే స్పిన్ ఎక్కుతుంది. గేర్‌బాక్సులు విప్పిన వాణ్ణి కాబట్టి దీన్ని గేర్ ఎఫెక్ట్ అంటారని విన్నప్పుడు సిగ్గుతో పాటు కాస్త సంతోషం కూడా వేసింది. రెండు పళ్ల చక్రాల్లాగే, తల ఒకవైపు తిరిగితే బంతి దానికి ఎదురువైపు తిరుగుతుంది.

అంటే నా స్లైస్‌లో సగం స్క్రూలకు సంబంధించిందే కాదు. కర్ర పొడవు నాకు ఎక్కువ, అంతే. గ్రిప్ మీద ఒక అంగుళం కిందికి పట్టుకున్నాను. బంతికి కాస్త దూరం జరిగి నిలబడ్డాను. పౌడరు మచ్చలు మధ్యకు వచ్చాయి. ఈ పనికి రెంచ్ అవసరమే లేదు.

ఆ తర్వాతే బంతి వేగం, దూరం కొలిచే లాంచ్ మానిటర్ దగ్గరికి వెళ్లాను, ఈసారి నోటు పుస్తకంతో. నా తల వేగం గంటకు 84 మైళ్లు. టీవీలో మనం చూసే వృత్తి ఆటగాళ్ల సగటు 115 దాకా ఉంటుంది. వాళ్లు 9 డిగ్రీలతో కొట్టే బంతి లేస్తుంది, నేను కొట్టేది లేవదు, లేవకముందే పడిపోతుంది. బరువు మధ్యలో పెట్టి కదపకుండా, స్లీవ్ మాత్రమే మార్చి, ఒక్కో స్థానంలో పదేసి బంతులు కొట్టి రాసుకున్నాను. 9 దగ్గర గాల్లో సగటున 171 గజాలు, 12 దగ్గర 183. 12కి తిప్పితే ఫేస్ మూసుకుంటుంది కాబట్టి కుడికి పోవడమూ తగ్గింది. ఇప్పుడు అప్పుడప్పుడూ ఎడమకు పోతున్నాయి, అబద్ధం ఎందుకు. కానీ ఎడమవైపు చెట్లు తక్కువ.

స్క్రూ మీద, దాని పక్కన తల మీద కలిపి మా ఆవిడ గోళ్ల రంగుతో ఒక సన్న గీత గీశాను. కర్మాగారంలో బిగించిన ప్రతి కీలక బోల్టుకూ ఇలాగే గీసేవాళ్లం, గీత విరిగిందంటే ఎవరో తిప్పారనో, వదులైందనో తెలుస్తుంది. టీ మీదికి వెళ్లే ముందు ఒకసారి ఆ గీత చూసుకుంటాను.

ఇక మీకు నా విన్నపం. వ్యాసంలో లాఫ్ట్ అనే మాటను రెండు చోట్ల 'ఎత్తు' అని రాశారు. లాఫ్ట్ ఎత్తు కాదు, వాలు. ఫేస్ వెనక్కి ఎంత వాలి ఉందన్న కోణం. బంతి లేచే ఎత్తు దాని ఫలితాల్లో ఒకటి మాత్రమే. లాఫ్ట్ అనే రాసేయండి, ఆడేవాళ్లందరూ అనేది అదే. డ్రైవరు పక్కన కర్ర అనో క్లబ్ అనో చేరిస్తే మా ఇంట్లో లాంటి అపార్థాలు రావు.

రెండో భాగంలో బరువుల గురించి రాస్తామని చివర్లో ప్రకటించారు. అందులో హీల్ వైపు బరువు పెడితే స్లైస్ పోతుంది అని తేల్చి రాసే ముందు, బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో పౌడరుతో చూసుకోమని ఒక్క లైను చేర్చండి. 4.1ఎ నియమాన్ని చిన్న బాక్సులో వేస్తే ఇంకా మంచిది. రెండో భాగం వచ్చే వారమే అన్నారు కాబట్టి ఈ ఉత్తరం అందుకు ముందే చేరాలని కొరియర్‌లో పంపిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ మెయింటెనెన్స్ ఇంజనీర్, హ్యాండిక్యాప్ 22